నెలజీతమున పన్నుకోత: ఇల్లాలెఱుగవలసిన లెక్క



పూవు చెడకుండ తేనెటీగ తేనె గొనునట్లు రాజు ప్రజలనుండి పన్ను గొనవలెనని మహాభారత శాంతిపర్వమున భీష్ముడు ధర్మరాజునకు బోధించెను. ఉద్యోగి జీతమునుండి నెలనెలా కొంచెముగా ఆదాయపు పన్ను మినహాయించుటలో నున్న న్యాయమును ఇట్టిదే. అయినను మా వంటి బడిపంతుళ్ల యిండ్లు పెక్కింటిలో తేనెటీగ కానరాదు. సంవత్సరము పొడవునను కోత లేక, లేదా నామమాత్రముగా జరిగి, జనవరి ఫిబ్రవరి నెలలు వచ్చునప్పటికి పూవే తెగిపడుచున్నది. పాలవాని బాకీకి, పిల్లల పరీక్షరుసుమునకు, అప్పు వాయిదాకు అప్పుడు దారి వెదకవలసినది ఇల్లాలే గదా!

కావున ఇది మగవారి లెక్క యని మన మూరకుండరాదు. పన్ను ఎంతయో చట్టము నిర్ణయించును. అది ఏ నెలలో ఎంత పోవలెనో యనునది మాత్రము మనము ముందుగా చెప్పుకొనుటపై చాలవఱకు ఆధారపడి యున్నది.

2025-26 సంవత్సరపు లెక్క నొకటి చూతము. ఒక ప్రధానోపాధ్యాయుని జీతము సాలుకు 15,00,000 రూపాయలనుకొందము. కొత్త పద్ధతిలో ప్రామాణిక తగ్గింపు 75,000 పోగా 14,25,000 మిగులును. మొదటి నాలుగు లక్షలకు పన్ను లేదు. తరువాతి నాలుగు లక్షలకు నూటికి 5 చొప్పున 20,000. ఆ పై నాలుగు లక్షలకు నూటికి 10 చొప్పున 40,000. మిగిలిన 2,25,000కు నూటికి 15 చొప్పున 33,750. మొత్తము 93,750; దానిపై నూటికి 4 సెస్సు చేర్చిన 97,500. పండ్రెండు నెలలకు పంచిన నెలకు 8,125 మాత్రమే. చివరి రెండు నెలలకు త్రోసిన నెలకు 48,750! పన్ను ఒక్కటే, ఇంటి కష్టము మాత్రము ఒక్కటి కాదు.

ఇక పద్ధతి నెన్నుకొనుట. ఉద్యోగి ఏమియు చెప్పనిచో 2023-24 నుండి కొత్త పద్ధతి ప్రకారమే కోయుదురు. ఇంటియప్పు వడ్డీ, భీమా, పొదుపు మున్నగు వానికి మినహాయింపు కోరువారు పాత పద్ధతి కావలెనని సంవత్సరారంభముననే జీతపు బిల్లు పెట్టు అధికారికి వ్రాసి యియ్యవలెను. అయితే లెక్క చూడక కోరరాదు. పై ప్రధానోపాధ్యాయునికే పాత పద్ధతిలో ప్రామాణిక తగ్గింపు 50,000, పొదుపు 1,50,000, ఇంటియప్పు వడ్డీ 2,00,000 పోయినను పన్ను సెస్సుతో 1,48,200 అగును. ఇంటద్దె మినహాయింపు కూడ నున్నవారు వేఱుగా లెక్క వేసికొనవలెను.

వేఱాదాయము లేక, జీతము 12,75,000 మించనివారికి ఆ సంవత్సరమున కొత్త పద్ధతిలో పన్నే లేదు. అట్టివారి జీతములో కోత కనబడినచో వెంటనే విచారింపవలయును.

బ్యాంకు వడ్డీ వంటి యితర ఆదాయమున్నచో దానిని దాచక అధికారికి తెలుపుట మేలు. ఆ పన్నును నెలల మీద పంచి కోయుదురు. తెలుపనిచో, కోతలు పోగా చెల్లవలసిన పన్ను 10,000కు తక్కువ కానప్పుడు ముందస్తు పన్ను కట్టవలెను. కట్టనివారికి నెలకు నూటికి 1 చొప్పున వడ్డీ పడును. బ్యాంకు వారు ముందే కోసిన పన్నును జీతపు కోతలో సర్దించుకొను వీలును 2024 అక్టోబరు 1 నుండి కలిగినది.

నడుమ కరవుభత్యపు బకాయిలు వచ్చినను, కొన్ని నెలలు ఎక్కువ కోత జరిగినను, మిగిలిన నెలలలో హెచ్చుతగ్గులు సరిచేయు అధికారము బిల్లు పెట్టువారికి కలదు. సంవత్సరము దాటినచో రిటర్ను దాఖలు చేసి, తిరిగి వచ్చు సొమ్మునకై వేచియుండవలసినదే. 1961 నాటి చట్టమునకు బదులు 2025 నాటి చట్టము 2026 ఏప్రిల్ 1 నుండి అమలునకు వచ్చుటచే సెక్షన్ల సంఖ్యలు మారినవి గాని, నెలనెలా కోయు నియమము మారలేదు.

ఉగాదినాడు పంచాంగశ్రవణమున మన రాశికి ఆదాయమెంత, వ్యయమెంత యని చెవియొగ్గి విందుము. ఆ దినములలోనే కొత్త ఆర్థిక సంవత్సరమును ఆరంభమగుచున్నది. భర్త జీతపుచీటి, బ్యాంకు పుస్తకము, అప్పుపత్రము ముందుంచుకొని ఒక సాయంకాలము ఇరువురును కూర్చుండి ఈ ఆదాయవ్యయములు కూడ చూచుకొన్నచో, ఫాల్గుణమాసమున పొయ్యి మీది యెసరునకు వెఱవ నక్కఱలేదు.