ఇంటిలో వ్యాయామము : గుండెకు పని చెప్పు యంత్రములు

1953వ సంవత్సరమున జెరీ మోరిస్ అను ఆంగ్ల వైద్యుడు తన సహచరులతో కలసి 'లాన్సెట్' అను వైద్యపత్రికలో ఒక పరిశోధనను ప్రకటించెను. ఆనాడు లండన్ నగరమున రెండంతస్తుల బస్సులపై ఇద్దరు ఉద్యోగులు పనిచేయుచుండిరి. డ్రైవరు పనివేళయంతయు కూర్చుండియే యుండును. కండక్టరు టిక్కెట్లు ఇచ్చుటకై దినమునకు కొన్ని వందల మెట్లు ఎక్కి దిగుచుండును. బస్సు ఒకటే, పీల్చు పొగ ఒకటే, జీతములలోను జీవనములోను గొప్ప తేడా లేదు. అయినను గుండెజబ్బు డ్రైవర్లకే ఎక్కువగా వచ్చుచుండెను; వచ్చినపుడు హఠాత్తుగా మరణించువారును వారిలోనే ఎక్కువ. ఉద్యోగమున చేరునాటికే డ్రైవర్లు స్థూలకాయులేమో యని శంక పుట్టగా, మోరిస్ వారి యూనిఫారముల కొలతలనే పరీక్షించెను. డ్రైవర్ల పంట్లాముల నడుముచుట్టు నిజముగనే పెద్దదని తేలెను. కాని నడుము కొలత ఒక్కటే ఆ తేడానంతటిని వివరింపజాలకపోయెను. మెట్లు ఎక్కుటలో ఏదో మేలున్నదని వైద్యలోకము నమ్మసాగినది అప్పటినుండియే. మోరిస్ మహాశయుడు తాను చెప్పినదానిని తాను పాటించి, తొంబదితొమ్మిదేండ్లు జీవించి, 2009లో కన్నుమూసెను.

ఇచట ఒక భేదమును గుర్తింపవలసియున్నది. మన తాలింఖానాలలో దండీలు, బస్కీలు, గదలు, సాము మొదలగునవి విరివిగా నుండెడివి. వీరఘట్టమున జన్మించిన కోడి రామమూర్తినాయుడుగారు ఇనుపగొలుసులను తెంచి దేశదేశములవారిని ఆశ్చర్యపరచిరి. అది కండబలమునకు సంబంధించిన సాధన. నేను ప్రస్తావింపబోవునది వేరు. తొడలు, పిక్కలు మొదలైన పెద్ద కండరములను లయబద్ధముగ, ఆగకుండ, కొంతసేపు కదలించుచు గుండెచేతను ఊపిరితిత్తులచేతను పని చేయించు వ్యాయామమిది. పెద్దవయసువారు వారమునకు 150 నుండి 300 నిమిషములు మధ్యరకపు శ్రమగాని, 75 నుండి 150 నిమిషములు తీవ్రశ్రమగాని చేయవలెనని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2020లో సూచించినది. దినమునకు అరగంట చొప్పున వారమునకు అయిదు దినములు నడచినచో మొదటి లెక్క పూర్తియగును.

అట్లయిన వీధిలో నడచిన చాలదా, యంత్రమెందులకని అడుగవచ్చును. చాలును, నడువగలిగినవారికి అంతకంటె మంచిది లేదు. కాని వైశాఖమాసపు ఎండలో రెంటచింతలలోనో రామగుండములోనో ఉదయము ఎనిమిది దాటినపిదప వీధిలో అడుగుపెట్టుట కష్టము. పట్టణములలో కాలిబాటలు కరవు. వీధికుక్కల సంగతి చెప్పనక్కరలేదు. అన్నిటికంటె ముఖ్యముగ, తెల్లవారక మునుపే వంటింట ప్రవేశించు గృహిణికి ఇల్లు విడిచి గంటసేపు బయటికి పోవు వీలుండదు. ఇంటిపని చేసినదే వ్యాయామము గదాయని ఆమెను సమాధానపరచువారు కలరు. కాని పొయ్యి ముందు నిలుచుండుట గుండెకు చాలినంత శ్రమ కాదు. ఇంటిలోని యంత్రము నిజముగ ఉపకరించునది ఇట్టివారికే యని నా అభిప్రాయము. అయితే కొనునది ఇంటిపెద్దయు, ఎత్తు కుదుర్చుకొనునది కుమారుడును అగుచుండుట మనము చూచుచునే యున్నాము.

యంత్రములలో మొదట అందరికిని తోచునది ట్రెడ్‌మిల్లు. దీని పుట్టుక విచిత్రమైనది. 1818 ప్రాంతమున విలియం క్యూబిట్ అను ఇంజనీరు ఇంగ్లండు కారాగారములకై ఒక పెద్ద మెట్లచక్రమును కల్పించెను. ఖైదీలు గంటల తరబడి దానిని త్రొక్కవలసియుండెను. ఆ శిక్షకు 1898నాటి చట్టముతో కాలము చెల్లినది. అటుపిమ్మట అమెరికాలోని సియాటిల్ నగరమున రాబర్ట్ బ్రూస్ అను వైద్యుడు రోగిని కదలుచున్న పట్టాపై నడిపించుచు గుండె విద్యుల్లేఖనమును తీయు పద్ధతిని పెంపొందించెను. మన ఆసుపత్రులలో 'టి.ఎం.టి.' యని పిలుచు పరీక్ష ఇదియే. ప్రతి మూడు నిమిషములకు వేగమును ఏటవాలును పెంచుచు పోవు క్రమము నేటికిని బ్రూస్ పేరనే వ్యవహరింపబడుచున్నది. ఒకప్పటి శిక్షాయంత్రమును నేడు మనము సొమ్మిచ్చి తెచ్చుకొనుచున్నాము.

ట్రెడ్‌మిల్లు కొనునపుడు మొదట చూడవలసినది మోటారు. ప్రకటనలలో పెద్ద అక్షరములతో వేయు అశ్వశక్తి తరచు క్షణకాలము మాత్రము చూపగల శక్తి. ఎడతెగక ఎంత శక్తినీయగలదో అడిగి తెలిసికొనవలెను. అశ్వశక్తి యనగా 746 వాట్లు. రెండు అశ్వశక్తుల మోటారు పూర్తిబరువుపై తిరిగినచో ఒకటిన్నర కిలోవాటు దాటి విద్యుత్తును తీసికొనును. కావున దీపములకు వాడు చిన్న ప్లగ్గు పనికిరాదు. గీజరుకు పెట్టునట్టి పెద్ద ప్లగ్గు, సరియైన ఎర్తు తీగ ఉండవలెను. సాధారణముగ ఇండ్లలో నుండు ఇన్వర్టరుపై దీనిని నడుపుదమనుకొనుట వృథా. కరెంటు పోయినచో పట్టా ఆగును; అప్పుడు పరుగెత్తుచున్నవాడు ముందునకు తూలును. కరెంటుకోతలు తరచుగా నుండు ఊరివారు ఈ విషయమును ఆలోచింపవలెను.

నడచువారికి నాలుగడుగుల పట్టా చాలును. పరుగెత్తువారికి, అందును పొడగరులకు, అయిదడుగులకు తగ్గరాదు. వెనుకప్రక్క ఆరడుగులు ఖాళీ విడువవలెను. గోడకు ఆనించి పెట్టినచో జారిపడినవాడు పట్టాకును గోడకును నడుమ చిక్కుకొనును. ఇంటిలో చిన్నపిల్లలున్నయెడల ఇది మరింత ముఖ్యము. 2021లో అమెరికాలో ఒక చిన్నబిడ్డ ట్రెడ్‌మిల్లు క్రిందికి లాగబడి మరణింపగా, ఆ మాదిరి యంత్రములను అన్నిటిని వెనుకకు రప్పించవలసివచ్చెను. యంత్రముతో ఒక చిన్న తాళపుచెవి వంటి బిళ్ల వచ్చును. దానికొక త్రాడు, ఒక క్లిప్పు ఉండును. క్లిప్పును చొక్కాకు తగిలించుకొన్నచో మనిషి పడినవెంటనే బిళ్ల ఊడి యంత్రము ఆగును. అది ప్లాస్టిక్ సంచిలో మూలబడియుండుట ఎన్నో ఇండ్లలో కనిపించును. వాడనివేళ బిళ్లను తీసి, పిల్లలకు అందని అలమారలో దాచి, ప్లగ్గు తీసివేయవలెను.

ఇక సైకిలు. డెన్మార్కు దేశీయుడైన ఆగస్ట్ క్రో అను శాస్త్రజ్ఞుడు, తరువాత నోబెల్ బహుమానము పొందినవాడు, 1913లోనే కదలని సైకిలును నిర్మించి దానిపై మనిషి చేయు పనిని ఖచ్చితముగ కొలిచెను. కదలని సైకిలునకు మోటారు లేదు, పడిపోవు భయము తక్కువ, చోటు కొంచెము చాలును, క్రిందియంతస్తువారికి చప్పుడు వినబడదు. దేహపు బరువును ఆసనము మోయును గనుక మోకాళ్లనొప్పులవారికి సులువు. నడుమునొప్పి యున్నవారు వీపునకు ఆనుకొను వీలున్న, కాళ్లు ముందునకు చాపి త్రొక్కు రకమును ఎన్నుకొనవలెను. గుడ్డముక్క చక్రమునకు ఒరసి బిగువును కలిగించు రకము అరుగుచుండును, చప్పుడు చేయును. అయస్కాంతముతో బిగువును కలిగించు రకము మన్నిక గలది. ఆసనపు ఎత్తు సరిగా కుదుర్చుట మరువరాదు. పెడలు అడుగునకు వచ్చినపుడు మోకాలు కొద్దిగా మాత్రమే వంగియుండవలెను. ఆసనము పల్లముగా నున్నచో మోకాలిచిప్పపై ఒత్తిడి పెరిగి, మేలు చేయవలసిన యంత్రమే నొప్పి తెచ్చును. సైకిలుకు ఒక లోపము కలదు. బరువును ఆసనమే మోయుటచే ఎముకలకు గట్టిపడు అవసరము కలుగదు. ముట్లుడిగిన స్త్రీలు, ఎముకలు పలుచబడినవారు సైకిలుతోపాటు కొంత నడకను గూడ చేయుట మంచిది.

ఎలిప్టికల్ అను యంత్రముపై నిలుచుండి, పాదములను పలకల మీదినుండి ఎత్తకయే కోడిగ్రుడ్డు ఆకారపు దారిలో త్రిప్పుదురు. నిలుచుండుటచే ఎముకలకు బరువు పడును, పాదము నేలను తన్నదు గనుక కీళ్లకు అదురు లేదు. ఆలోచన చక్కనిది, కాని చవుక రకములలో అడుగుసాగు కురుచ, యంత్రము ఊగును. దుకాణములో పది నిమిషములు ఎక్కి త్రొక్కి చూడక కొనరాదు. దానిపై మనిషి అడుగెత్తు పైకి లేచును గనుక ఇంటి కప్పు ఎత్తును, ఫ్యాను ఎత్తును గూడ కొలుచుకొనవలెను.

పడవతెడ్డు వేయు యంత్రమును గూర్చి రెండుమాటలు. అమెరికాలో డ్రైసిగాకర్ సోదరులు 1981లో ఒక సైకిలు చక్రముతో తమ తొలి యంత్రమును తయారుచేసిరి. కాళ్లు, వీపు, చేతులు అన్నియు పనిచేయుటచే ఇది గట్టి వ్యాయామము. కాని పద్ధతి నేర్వక లాగినచో నడుము పట్టును. ఎనిమిదడుగుల పొడవు చోటు గావలెను. యువకులకు తగును.

ధనము వెచ్చింపలేనివారు నిరాశపడనక్కరలేదు. 1943లో హార్వర్డు పరిశోధకులు గుండె దారుఢ్యమును పరీక్షించుటకు వాడినది ఇరువది అంగుళముల ఎత్తుగల ఒక బల్ల; దానిపైకి నిమిషమునకు ముప్పదిసారులు చొప్పున అయిదు నిమిషములు ఎక్కి దిగవలెను. అది పడుచువారికైన పరీక్ష. ఇంటిలో ఆరంగుళముల గట్టి పీట చాలును, జారకుండ అడుగున రబ్బరు వేయవలెను. అపార్టుమెంటులో మెట్లు ఉండనే యున్నవి. త్రాడాట మరియు చవుక, శ్రమ అధికము. అయితే మోకాళ్లు బాగున్నవారికే, క్రింద ఎవరును కాపురములేని ఇంటివారికే.

ఏ యంత్రమైనను దాని అద్దముపై కనబడు కేలరీల అంకెను నమ్మరాదు. ట్రెడ్‌మిల్లు చేతికమ్ములను గట్టిగా పట్టుకొని నడచువానికి గూడ అది అదే అంకెను చూపును, శ్రమ మాత్రము తగ్గిపోవును. నాడి లెక్క కొంత నయము. 220లోనుండి వయసును తీసివేయగా వచ్చునది గరిష్ఠ నాడివేగమునకు ఉజ్జాయింపు, ఏబదియేండ్లవానికి 170. అందులో సగమునుండి పదింట ఏడు వంతుల వరకు, అనగా 85 మొదలు 119 వరకు, మధ్యరకపు శ్రమ. ఇది సగటు లెక్కయే. మనిషికి మనిషికి పది పదిహేను తేడా యుండును. రక్తపుపోటునకు అటెనొలాల్, మెటొప్రొలాల్ వంటి మందులు వాడువారికి నాడి సహజముగ పెరుగదు గనుక ఈ లెక్క అసలే పనికిరాదు. వారికిని, మనకందరికిని ఒక సులభోపాయము కలదు: మాటలాడగలుగుచు పాట పాడలేకపోవుచున్నచో శ్రమ సరిగా నున్నది, మాటకు మాటకు నడుమ ఊపిరి తీసికొనవలసివచ్చినచో అది తీవ్రశ్రమ.

నడచునపుడు రొమ్ములో పట్టినట్లుండుట, నొప్పి ఎడమచేతికో దవడకో ప్రాకుట, తలతిరుగుట కలిగినవారు దుకాణమునకు గాక వైద్యుని యొద్దకు ముందు పోవలెను. మధుమేహమున్నవారు వట్టికాళ్లతో పట్టాపై నడువరాదు. స్పర్శ తగ్గిన పాదమున బొబ్బ లేచినను తెలియదు.

కొన్న యంత్రములు బట్టలారవేయు దండెములగుట లోకమెరిగినదే. ఆ కారణముచే వాడకము తక్కువైన యంత్రములు చవుకగా దొరకుచుండును. అట్టిది కొనునపుడు ట్రెడ్‌మిల్లు పట్టా అంచులు చిరిగినవా, ఒకప్రక్కకు జరుగుచున్నదా, కాలు మోపినపుడు వేగము తగ్గుచున్నదా చూడవలెను. ఆపు బిళ్లను లాగి ఆగుచున్నదో లేదో పరీక్షింపవలెను. సముద్రతీరపు ఊళ్లనుండి వచ్చినదైనచో అడుగుభాగమున తుప్పును గూడ టార్చిదీపముతో వెదకుట మేలు. ఎంతటి బరువుగల మనిషిని మోయగలదో చట్రముపై వ్రాసియుండును. ఇంటిలో అందరికంటె బరువైనవారిని తలచుకొని ఆ అంకెను చదువవలెను.