కూలరు పెట్టినా ఉక్కపోతేనా? ముందు కిటికీ చూడండి



రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని మన పెద్దలు ఊరకే అనలేదు. తిరుమలాయపాలెం మొదలుకొని కొత్తగూడెం, భద్రాచలం అడవి అంచు వరకు మే నెలలో 44, 45 డిగ్రీల ఎండ మనకు కొత్త కాదు. 2003లోనూ, 2015లోనూ వీచిన వడగాడ్పులకు తెలుగు నేల మీద ఒక్కొక్కసారి వెయ్యి మందికి పైగా చనిపోయారు. ఇప్పుడు చాలా ఇళ్ళలో కూలరు ఉంది, కొన్ని ఇళ్ళలో ఏ.సి. కూడా వచ్చింది. అయినా ఓ.పి.కి వచ్చే పెద్దవారు, "రాత్రంతా కూలరు నడుస్తూనే ఉంది సిస్టరమ్మా, కంటి మీద కునుకు మాత్రం లేదు" అంటూనే ఉన్నారు. కారణం చాలాసార్లు కూలరులో లేదు, మనం దాన్ని వాడే తీరులో ఉంది. ఈ పాఠం మేము కూడా పొరపాటు చేసే నేర్చుకున్నాము.

మేము చేసిన పొరపాటు

కొన్నేళ్ళ క్రితం జూన్ చివరి వారం. సాయంత్రం జల్లు పడింది. వాన లోపలికి కొడుతుందని ఆడవారి వార్డు కిటికీలన్నీ మూసి, రెండు కూలర్లూ నిండుగా నీళ్ళు పోసి పెట్టాము. అర్ధరాత్రికి దుప్పట్లు చెమ్మగిల్లాయి. గుండె జబ్బుతో ఉన్న ఒక పెద్దావిడ ఆయాసపడుతూ లేచి కూర్చుంది. మేము బి.పి. చూశాము, నాడి చూశాము, డాక్టరు గారికి కబురు చేశాము. జబ్బే ముదిరిందనుకున్నాము. అప్పుడు ఆమె కోడలు, "సిస్టరమ్మా, గదంతా ఉడకపోస్తంది. ఆ నీళ్ళు ఆపి కిటికీలు తెరవండమ్మా" అంది. వాన వెలిసింది గనుక కిటికీలు తెరిచాము. కూలర్ల పంపు ఆపి గాలి మాత్రం ఉంచాము. డాక్టరు గారు వచ్చి పరీక్షించి మందు ఇచ్చారు, మేము చేసిన మార్పు మంచిదేనన్నారు. కొంతసేపటికి ఆ తల్లి నిద్రపోయింది. చదువుకున్న మాకు తట్టనిది ఆ కోడలికి తట్టింది. ఆ రాత్రి నుండి మా వార్డులలో కూలరు పెట్టే ముందు కిటికీ చూడడం నియమమైంది.

కూలరు ఎలా చల్లబరుస్తుంది?

మన ఇంట్లో మట్టికుండను చూడండి. కుండ గోడల నుండి ఊరిన నీరు ఆవిరవుతూ లోపలి వేడిని తీసుకుపోతుంది. అందుకే ఎండాకాలం కుండనీళ్ళు చల్లగా ఉంటాయి. ముసురు పట్టిన రోజుల్లో అదే కుండలో నీళ్ళు అంతగా చల్లబడవు. గాలిలో అప్పటికే తేమ నిండి ఉంటుంది గనుక నీరు ఆవిరి కాదు.

కూలరు కూడా ఇంతే. బయట 42 డిగ్రీల పొడి ఎండ ఉంటే మంచి కూలరు 28, 29 డిగ్రీల గాలిని ఇవ్వగలదు. అదే వానాకాలం మొదట్లో 33 డిగ్రీల ఉక్కలో రెండు డిగ్రీలు తగ్గించడమే కష్టం. పైగా గదిలో తేమ పెంచుతుంది. మన ఒళ్ళు చల్లబడేది చెమట ఆరడం వల్లనే. గాలిలో తేమ నిండితే చెమట ఆరదు, ఒంటి వేడి బయటకు పోదు. గుండె మరింత కష్టపడవలసి వస్తుంది.

కనుక ఈ రెండు మాటలు గుర్తుంచుకోండి:

1. కూలరును కిటికీ దగ్గర, దాని వీపు బయటి గాలికి ఉండేలా పెట్టండి. ఎదురుగా ఉన్న కిటికీ గాని తలుపు గాని కొంత తెరిచి ఉంచండి. వచ్చిన తేమగాలికి పోయే దారి ఉండాలి.

2. మృగశిర దాటి ఉక్క మొదలైతే పంపు స్విచ్ ఆపి, వట్టి గాలి మాత్రమే వాడండి.

ఏ రోజు ఏది చేయాలో ఎలా తెలుస్తుంది? ఫ్యాను కింద ఒక తడి రుమాలు ఆరవేయండి. త్వరగా ఆరిపోతే కూలరులో నీళ్ళు పోయవచ్చు. ఎంతకీ ఆరకపోతే, ఉప్పు డబ్బాలో ఉప్పు చెమ్మగిల్లితే, ఆ రోజు నీళ్ళు వద్దు.

తొట్టిలో దోమ, తీగలో ప్రమాదం

డెంగీ దోమ మురికి కాలువలో కాదు, నిలవ ఉన్న మంచినీటిలో పెరుగుతుంది. కూలరు తొట్టి దానికి అనువైన చోటు. గుడ్డు నుండి దోమ కావడానికి వారం, పది రోజులు చాలు. కనుక శుక్రవారం డ్రై డే అని ఆరోగ్య కార్యకర్తలు చెప్పేది కూలరుకూ వర్తిస్తుంది. వారానికొకసారి నీళ్ళు పారబోయడమే కాదు, తొట్టి గోడలను పీచుతో రుద్ది ఎండబెట్టండి. దోమ గుడ్లు గోడకు అంటుకొని నెలల తరబడి బతకగలవు. సీజను అయిపోయాక ప్యాడ్లు తీసి, తొట్టి పూర్తిగా ఆరబెట్టి దాచండి.

ఇనుప బాడీ కూలర్లు వాడేవారు మరీ జాగ్రత్త. ఎర్తింగు ఉన్న మూడు పిన్నుల ప్లగ్గు తప్పనిసరి. నీళ్ళు పోసేటప్పుడు, తుడిచేటప్పుడు స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్గు తీయండి. తడి నేల మీద వట్టి కాళ్ళతో నిలబడి కూలరును ముట్టవద్దు. పిల్లలను దగ్గరకు రానివ్వవద్దు. ఇంటి మీటరు దగ్గర షాక్ కొట్టకుండా కరెంటు ఆపే ఆర్.సి.సి.బి. పెట్టించుకుంటే ప్రాణానికి భరోసా.

ఏ.సి. ఉన్నవారికి

కూలరుకు కిటికీ తెరవాలి, ఏ.సి.కి మూయాలి. ఏ.సి. గాలిలోని తేమను నీళ్ళుగా మార్చి గొట్టం గుండా బయటకు పంపుతుంది. అందుకే ఉక్కపోతలో అది బాగా పని చేస్తుంది. 18లో పెట్టి దుప్పటి కప్పుకోవలసిన పని లేదు. 26, 27లో పెట్టి ఫ్యాను నెమ్మదిగా తిప్పితే ఒంటికీ మంచిది, బిల్లుకూ మంచిది. ఒక్క డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు మిగులుతుంది. 2020 జనవరి నుండి కొత్త గది ఏ.సి.లు 24 డిగ్రీల వద్ద మొదలయ్యేలా ప్రభుత్వం నియమం పెట్టింది. వానాకాలంలో "డ్రై" బటను వాడండి. ఫిల్టరును రెండు వారాలకొకసారి కడగండి. మూసిన గదిలో దోమల చుట్ట, సాంబ్రాణి పొగ, బొగ్గుల కుంపటి పెట్టవద్దు. ఉదయం, సాయంత్రం కాసేపు కిటికీలు తెరవండి.

ఫ్యాను మాత్రమే ఉన్న ఇంట్లో

రేకుల ఇంట్లో మధ్యాహ్నం గది వేడి 40 డిగ్రీలు దాటితే ఫ్యాను వేడిగాలినే ఒంటికి కొడుతుంది. అప్పుడు ఫ్యాను ఒక్కటే నమ్ముకోవద్దు. ఒళ్ళు తడి గుడ్డతో తుడుచుకుంటూ ఉండండి, లేదా చెట్టు నీడకు, పెంకుటింటికి చేరండి. డాబా మీద, రేకుల మీద సున్నం పూస్తే ఎండ లోపలికి దిగడం తగ్గుతుంది. ఇలాంటి చల్లని పైకప్పుల కోసమే తెలంగాణ ప్రభుత్వం 2023లో ఒక విధానం ప్రకటించింది. పగలు ఎండ వైపు కిటికీలకు తడకలు కట్టండి, చల్లబడిన తరువాత రాత్రికి అన్నీ తెరవండి. కిటికీలకు జాలీ, మంచానికి దోమతెర ఉండాలి.

ఎవరిని కనిపెట్టి ఉండాలి?

ముసలివారికి దాహం సరిగా తెలియదు. అడగకపోయినా నీళ్ళు ఇవ్వండి. నీళ్ళు తక్కువ తాగమని డాక్టరు చెప్పిన గుండె, మూత్రపిండాల రోగులైతే ఎంత తాగాలో అడిగి తెలుసుకోండి. బి.పి., గుండె మాత్రలు మీ అంతట మీరు మానవద్దు. పసిబిడ్డ ఊయలను గుడ్డతో మూసేయవద్దు, కూలరు గాలి నేరుగా ముఖానికి తగలనివ్వవద్దు.

ఎండాకాలంలో ఎవరైనా తికమకగా మాట్లాడినా, తూలినా, స్పృహ తప్పినా, ఒళ్ళు కాలిపోతున్నా వడదెబ్బ అని అనుమానించండి. జ్వరం మాత్ర వడదెబ్బకు పని చేయదు. వెంటనే 108కి ఫోన్ చేయండి. నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒళ్ళంతా నీళ్ళు పోసి గట్టిగా విసరండి. స్పృహ లేనివారి నోట్లో నీళ్ళు పోయవద్దు.

ఈ రాత్రి పడుకునే ముందు ఒక్క పని చేయండి. ఇంట్లో పెద్దవారి మంచం దగ్గర ఐదు నిమిషాలు కూర్చోండి. అక్కడి గాలి మీకు ఎలా ఉందో, వారికీ అలాగే ఉంటుంది. ఉక్కగా అనిపిస్తే మా వార్డులో ఆ కోడలు చెప్పినట్టు చేయండి. నీళ్ళు ఆపి, కిటికీ తెరవండి.

— నర్సింగ్ సూపరింటెండెంట్