నీళ్లలో నిలబడినా దాహమే!

2022 జులై. గోదావరి వరద తీసిన మూడో రోజు. రాజోలు దగ్గర మా ఊళ్లో, పెరట్లో ఉన్న ఆరు బొప్పాయి చెట్లూ ఆకులు వేలాడేసుకుని కనిపించాయి. వర్క్ ఫ్రమ్ హోమ్ పేరుతో ఇంటి దగ్గరే ఉన్న నేను, 'పాపం, ఎండకి వాడిపోయాయి' అనుకుని మోటారు వేసి ఒక్కో చెట్టు మొదట్లో రెండేసి బకెట్లు పోశా.

నాన్న చూసి తల పట్టుకున్నారు. "ఒరేయ్, ఊపిరాడక చస్తున్న చెట్టుకి ఇంకా నీళ్లు పోస్తావేంట్రా? పార పట్టుకురా, బోదె తియ్యాలి" అన్నారు.

తీశాం. కానీ రెండు చెట్లే బతికాయి. కింద కాలు దిగబడేంత బురద, పైన చెట్టుకేమో దాహం. ఇదెలా సాధ్యం? సర్వర్ ఆన్‌లో ఉండి కూడా యాప్ పనిచేయకపోతే లాగ్స్ తిరగేస్తాం కదా, అలా చదవడం మొదలెట్టా.

వేరు గేట్లు మూసేస్తుంది

వేరు కణాల పొరల్లో నీళ్లు వెళ్లడానికి సన్నటి దారులుంటాయి. వాటి పేరు ఆక్వాపోరిన్లు. వాటిని కనిపెట్టినందుకు పీటర్ ఆగ్రేకి 2003లో కెమిస్ట్రీ నోబెల్ వచ్చింది. ఆ దారులు తెరిచి ఉండాలంటే వేరు ఊపిరి పీల్చాలి. మట్టి సందుల్లో గాలి ఉండాల్సిన చోట నీళ్లు నిండితే కథ మారిపోతుంది. ఎందుకంటే ఆక్సిజన్ గాల్లో కంటే నీళ్లలో దాదాపు పది వేల రెట్లు నెమ్మదిగా కదులుతుంది. అది అందకపోతే కణం లోపల ఆమ్లం పెరుగుతుంది. ఆ ఆమ్లమే గేట్లు మూసేస్తుంది. ఫ్రాన్స్ శాస్త్రవేత్తలు ఈ సంగతి బయటపెట్టింది కూడా 2003లోనే.

అంటే నేను పోసిన నాలుగో బకెట్టయినా, పదో బకెట్టయినా లోపలికి వెళ్లే దారే లేదన్నమాట.

ఆకుకి వెళ్లే మెసేజ్

ఇక్కడే హార్మోన్లు రంగంలోకి దిగుతాయి. మునిగిన వేరులో ఇథిలీన్‌కి ముడిసరుకు తయారవుతుంది కానీ, ఆక్సిజన్ లేక అక్కడ ఇథిలీన్‌గా మారదు. నీటితో పాటు పైకి ఎక్కి, ఆకులో గాలి తగిలాక మారుతుంది. టమాటాలో ఆకు కాడలు కిందికి వంగిపోవడానికి కారణం ఇదే. ఇంకో హార్మోన్ అబ్‌సిసిక్ యాసిడ్. ఆకు మీది సూక్ష్మ రంధ్రాల్ని మూసి, ఉన్న నీళ్లు ఆవిరైపోకుండా కాపాడుతుంది.

తమాషా ఏంటంటే, కరువులో పనిచేసేది కూడా ఈ హార్మోనే. నేల ఎండినప్పుడు ఆకులో ఖర్చు తగ్గించి, చాలా మొక్కల్లో వేరు దగ్గర మాత్రం నీటి దారుల్ని పెంచుతుంది. వరదైనా కరువైనా, నీళ్లు అందని చెట్టుకి ఆకు దగ్గర పొదుపు తప్పదు.

మరి వరి సంగతి?

వరి నీళ్లలోనే పెరుగుతుంది కదా అని మీకు డౌట్ రావచ్చు. దానికీ ఇథిలీనే సాయం. నీళ్లలో ఈ వాయువు బయటికి పోలేక వేర్లలోనే పేరుకుంటుంది. అప్పుడు కొన్ని కణాలు చనిపోయి, వాటి స్థానంలో గాలి గొట్టాలు ఏర్పడతాయి. ఆకు పీల్చిన గాలి వాటిగుండా వేరు కొస దాకా దిగుతుంది. వరిలా నీళ్లలో నిలబడే శక్తి బొప్పాయికి లేదు.

కానీ పైరు మొత్తం మునిగితే వరికీ ప్రమాదమే. ఇథిలీన్ పోరు పడలేక, పైకి తేలాలని గబగబా సాగి శక్తంతా ఖర్చు చేసేస్తుంది. మాకు గోదావరి అవతల ఉన్న మార్టేరు పరిశోధనా స్థానం ఇచ్చిన స్వర్ణ, అదే ఎంటీయూ 7029, మీ ఇంట్లో కూడా తినే ఉంటారు. ఒడిశా వరి రకం ఒకదాన్నుంచి సబ్1 అనే జన్యువుని దానికి జోడించి స్వర్ణ సబ్1 తయారుచేశారు. 2009లో మన దేశంలో విడుదలైంది. ఆ జన్యువు 'తొందరపడకు, ఆగు' అని మొక్కని నిలబెడుతుంది. రెండు వారాల దాకా మునిగినా మళ్లీ లేస్తుంది.

అయితే విత్తనం ఒక్కటే సరిపోదు. నీళ్లు దిగే దారి కావాలి. 2011లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించారు. గిట్టుబాటు ధర ఒక బాధైతే, పూడిపోయిన మురుగు కాలువలు ఇంకో బాధ. 2022లో మళ్లీ అదే మాట వినపడింది. అప్పట్లో నాకది పేపర్లో వార్త. ఇప్పుడు మాత్రం, పూడిపోయిన డ్రైన్ అంటే నాకు ఊపిరాడని వేరే కనిపిస్తుంది.

మీది సిటీ ఫ్లాటైనా ఒక పని చేయండి. బాల్కనీలో మొక్క వాడిపోతే వెంటనే నీళ్లు పోసేయకండి. ముందు మట్టిలో వేలు పెట్టి చూడండి. తడిగా ఉంటే కుండీ అడుగున బెజ్జం మూసుకుపోయిందేమో చూడండి.

బతికిన రెండు బొప్పాయి చెట్లూ ఆ మరుసటి ఏడాది కాశాయి. వానాకాలం ముందు నేను లీవు పెట్టి ఊరెళ్లేది ఇప్పుడు బోదెలు తియ్యడానికే.