తెల్లవారితే శుక్రవారం... చుట్టాలు ఆవలి గట్టున!

(మా విలేఖరి)

సఖినేటిపల్లి: కోనసీమలో పెళ్లికి పిలుపు అందుకున్న దూరపు చుట్టాలు రైలు టికెట్టు కొనే ముందు శుభలేఖను మరొక్కసారి చదువుకోవాలి. "గురువారం రాత్రి గం. 2-40 ని.లకు, తెల్లవారితే శుక్రవారం" అని ముహూర్తం పక్కన చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఈ మాట సరిగా అందక గత మాఘమాసంలో ఇక్కడికి దగ్గరలోని ఒక గ్రామంలో పెండ్లికూతురి మేనమామ కుటుంబం అప్పగింతల వేళకు చేరుకున్నది. పిల్లను బుట్టలో కూర్చోబెట్టి పీటల మీదికి తేవలసిన మనిషి ఆయనే. వరసకు మామ అయ్యే మరొకరితో ఆ కార్యం కానిచ్చారు. వచ్చిన మేనమామ పందిట్లో ఎవరితోనూ మాట్లాడక ఒక మూల కుర్చీలో కూర్చుండిపోయాడు. భోజనానికి లేపడం కూడా కష్టమైంది.

జరిగింది ఇది. పంచాంగం ప్రకారం రోజు సూర్యోదయంతో మొదలవుతుంది. రైల్వేవారికి అర్ధరాత్రి 12 కొట్టగానే తేదీ మారుతుంది. ఆయన శుక్రవారం పెళ్లి అనుకుని గురువారం రాత్రి హైదరాబాదులో రైలెక్కాడు. శుక్రవారం ఉదయం నరసాపురంలో దిగేసరికి తలంబ్రాలు కూడా అయిపోయాయి. ఇటువంటి ముహూర్తానికి బుధవారం రాత్రే బయలుదేరాలి.

బుధవారం రాత్రి రైలెక్కినా నది ఒకటి ఉన్నది. రైలు నరసాపురంతో ఆగిపోతుంది. స్టేషను నుంచి ఆటోలో రేవుకు వచ్చి, పంటు మీద వశిష్ఠ గోదావరి దాటితే ఇవతల సఖినేటిపల్లి. అక్కడి నుంచి అంతర్వేది వైపు ఆటోలు దొరుకుతాయి. పంటు మీద మనుషులతోపాటు మోటారు సైకిళ్లు, కార్లు ఎక్కుతాయి గనుక పెళ్లిళ్ల రోజుల్లో రేవులో వరుస పెరుగుతుంది. మాఘంలో మంచు దట్టంగా పట్టిన ఉదయాల్లో పంటు ఆలస్యంగా కదులుతుంది. రాత్రి పొద్దుపోయాక దాని మీద ఆశ పెట్టుకోరాదు. ఫోనులో పటం చూసి "ఊరు ఎదురుగానే ఉన్నదిగదా" అని ధీమాగా వచ్చినవారు రేవులో దోమలు తోలుకుంటూ కూర్చున్న సందర్భాలు ఉన్నాయి. అటువంటప్పుడు ఎవరో చిన్న పడవ కడతామంటే ఎక్కవద్దు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో పర్యాటకుల బోటు మునిగి ఎన్ని కుటుంబాలు ఏడ్చాయో అందరూ చూసినదే.

నది దాటకుండా రాదలచినవారికి రాజమహేంద్రవరంలో దిగడం మేలు. రావులపాలెం, రాజోలు మీదుగా రోడ్డున రావచ్చు. పాలకొల్లు వైపు నుంచి కారులో వచ్చేవారికి చించినాడ - దిండి వంతెన ఉన్నది. చుట్టుదారే, కాని రాత్రి వేళ అదే దిక్కు. పంటు ఉన్నదీ లేనిదీ పెళ్లివారికి ఫోను చేసి కనుక్కున్నాకే దారి నిశ్చయించుకోవాలి.

శ్రావణ ముహూర్తాల సంగతి వేరు. ధవళేశ్వరం బ్యారేజీ వద్ద వరద 10 లక్షల క్యూసెక్కులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. వరద ఉధృతంగా ఉంటే పంటు ఆపివేస్తారు. లంక గ్రామాల దారులు మునుగుతాయి. 2022 జూలైలో ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటింది. అది ఆషాఢం కావడంతో పెళ్లిళ్లు లేవు. 1986 ఆగస్టులో 35 లక్షల క్యూసెక్కుల వరద వచ్చినది మాత్రం శ్రావణంలోనే. శ్రావణంలో పెళ్లి పెట్టుకున్నవారు విడిదిని లంకలో కాక మెరక మీద చూసుకోవాలి. చుట్టాలు హెచ్చరిక వార్త వినకుండా ఇల్లు కదలరాదు.

మాఘ శుద్ధ దశమి రాత్రి అంతర్వేది లక్ష్మీనరసింహస్వామి కల్యాణం, మరునాడు భీష్మ ఏకాదశికి రథోత్సవం. ఆ రెండు రోజులూ ఈ దారుల నిండా జనమే. దగ్గర ముహూర్తమైతే ఒకరోజు ముందే చేరుకోవడం తప్పదు.

పెళ్లి చూశాక పిల్లలను వెంటబెట్టుకుని సాగర సంగమానికి వెళ్లడం అతిథులకు సరదా. నది సముద్రంలో కలిసే చోట లోతు, లాగుడు పైకి కనిపించవు. తెలిసినవారు చూపిన చోటనే కాళ్లు తడుపుకోవాలి. ఆటోలకు, పంటుకు చిల్లర దగ్గర ఉంచుకోవాలి. పనసపొట్టు ఆవ పెట్టిన కూర తినకుండా మాత్రం వెనక్కు రావద్దు.

ఆ పెండ్లికూతురి చెల్లెలికి కూడా సంబంధం కుదిరింది. ఈసారి శుభలేఖలో ముహూర్తం కింద ఏ తేదీ రాత్రి రైలెక్కాలో, పంటు లేకపోతే ఎటు రావాలో విడిగా అచ్చు వేయిస్తున్నారు. మేనమామకు మాత్రం రెండు రోజుల ముందే వచ్చి ఉండమని కబురు వెళ్లింది.