నీటికలుపు పోటీ: ఎవరి మేత, ఎవరి గెలుపు?

చెరువులో రెండు కలుపు మొక్కలు పోటీ పడితే వేగంగా పెరిగేదే గెలుస్తుందనుకుంటాం. మేసే ప్రాణి ఒకటి అందులో చేరితే లెక్క మారిపోతుంది.

• దక్షిణ అమెరికా నుంచి వచ్చి కొల్లేరును కమ్మేసిన గుర్రపుడెక్క, పక్కనున్న అంతరతామరను తలెత్తనివ్వదు. గుర్రపుడెక్కను అదుపు చేయడానికి 1980లలో మన దేశానికి నియోకెటినా ముక్కుపురుగును తెచ్చారు. ఆకును దగ్గరగా చూడండి. గోటితో గీకినట్టు చిన్న మచ్చలుంటే, అవి ఆ పురుగు రాత్రిపూట మేసిన గుర్తులు. దాని పిల్లపురుగులు కాడలను తొలిచేస్తాయి. మొక్క గిడసబారుతుంది, పూత తగ్గుతుంది.

• అమెరికా పరిశోధకులు ఈ రెండు మొక్కలనూ కలిపి పెంచి చూశారు. ముక్కుపురుగు మేస్తున్నప్పుడు అంతరతామర మీద గుర్రపుడెక్కకున్న పైచేయి బాగా తగ్గిపోయింది. ఈ ఫలితాలు 2005లో వెలువడ్డాయి.

• మన చెరువుల్లోని హైడ్రిల్లా నాచు అమెరికాలో పరాయి కలుపు. దాన్ని మేసేందుకు 1987లో ఫ్లోరిడాలో వదిలిన హైడ్రెల్లియా ఈగ మన దేశం నుంచి వెళ్లిందే! ఈగ పిల్లలు హైడ్రిల్లా ఆకులను తొలిచేస్తే, అక్కడి సొంత మొక్క వల్లిస్నేరియా నిలదొక్కుకుంటుందని ప్రయోగాల్లో తేలింది.

• గడ్డిచేపకు హైడ్రిల్లా ఎంతో ఇష్టం, యూరేషియన్ మిల్‌ఫాయిల్ అనే నీటిమొక్క అంతగా రుచించదు. అందుకే రెండూ ఉన్నచోట మొదటిది ముందు ఖాళీ అవుతుంది. కానీ చేపలు మితిమీరితే ఏదీ మిగలదు. టెక్సాస్‌లోని కాన్రో సరస్సులో 1981-82లో 2,70,000 గడ్డిచేపలను వదిలితే, 1983 నాటికి నీటి అడుగు మొక్కలన్నీ మాయమయ్యాయి.

• కలుపుకు ఎరువు వేస్తే మంచిదా? పాపువా న్యూ గినీలో సాల్వీనియా అనే తేలే కలుపుకు యూరియా వేశారు. ఆకుల్లో నత్రజని పెరగడంతో, అంతకుముందు నిలదొక్కుకోలేకపోయిన, దాన్ని మేసే మరో రకం ముక్కుపురుగు బలం పుంజుకుంది.

• దక్షిణాఫ్రికాలో తేలే కలుపును పురుగులు తినేస్తే, ఎండ అడుగుదాకా దిగింది. ఆ వెలుతురులో ఎగీరియా అనే మరో పరాయి మొక్క అల్లుకుపోయింది.

కాబట్టి పురుగునో చేపనో వదిలేముందు చెరువు అడుగున ఏ మొక్క కాచుకుని ఉందో చూసుకోవాలి. ఆ నీటిలోకి దిగి కలుపును పెంచే మురుగునూ ఆపాలి. లేకపోతే ఒక కలుపు ఖాళీ చేసిన చోటు ఇంకో కలుపుదే అవుతుంది.