మేడిపండు గుట్టు

మేడిపండు అనగానే వేమన పద్యం గుర్తొస్తుంది, ఆ వెంటే పురుగులూ! కానీ ఆ పురుగే లేకపోతే మేడిచెట్టే లేదు.

గుడుపల్లె, కుప్పం వైపు వంకల పక్కన ఉండే మేడికి పూలు బయటికి కనిపించవు. అవి కాయలోపలే ఉంటాయి. ఆవగింజంత కందిరీగ ఇరుకు ద్వారంలోంచి లోపలికి దూరుతుంది. రెక్కలు ఊడిపోయినా ఆగదు. పూలకు పుప్పొడి అంటించి, గుడ్లుపెట్టి అక్కడే చనిపోతుంది. దాని ఆడపిల్లలు పెద్దవై పుప్పొడితో మరో చెట్టుకు ఎగురుతాయి. మేడి, మర్రి, రావి... ఈ కుటుంబంలోని 750కి పైగా జాతుల్లో చాలావాటికి ఎవరి కందిరీగ వారిదే. కోట్ల ఏళ్లలో ద్వారం ఇరుకైనకొద్దీ కందిరీగ తల బల్లపరుపుగా మారింది!

కథ ఇద్దరితో ఆగదు. మేడిపండ్లు తినే కోయిలలు, గబ్బిలాలే వేప, నేరేడు విత్తనాలనూ చల్లుతాయి. ఇలాంటి అల్లికలో నేరుగా సంబంధంలేని జీవులు కూడా ఒకదాన్నొకటి మార్చగలవని 2017లో బ్రెజిల్ శాస్త్రవేత్త పాలో గిమరాయ్స్ బృందం గణిత నమూనాలతో 'నేచర్' పత్రికలో చెప్పింది.

కందిరీగ ఆయుష్షు ఒకట్రెండు రోజులే. ఆలోగా దానికి మరో మేడి దొరకాలి. వంకగట్టున గొడ్డలి ఎత్తేముందు ఈ లెక్క గుర్తుంచుకుంటే చాలు... పోయేది ఒక్క చెట్టే కాదు!