రాతి గుండె చప్పుడు

భూమికి మన పూర్వులు పెట్టిన పేర్లలో వసుంధర, రత్నగర్భ అనేవి ప్రసిద్ధమైనవి. సంపదను గర్భంలో దాచుకొన్నదని వాటి భావం. అయితే ఆ సంపద అక్కడ ఏ రూపంలో ఉంటుంది? నేల కింద చమురు సరస్సులు, వాయువు నిండిన గుహలు ఉంటాయని చాలామంది ఊహిస్తారు. అది వాస్తవం కాదు. చమురైనా, సహజవాయువైనా, నీరైనా సాధారణంగా రాతి రేణువుల నడుమ ఉండే సూక్ష్మమైన ఖాళీలలోనే నిలిచి ఉంటుంది. రాతి మొత్తం ఘనపరిమాణంలో ఈ ఖాళీల వాటాను సచ్ఛిద్రత అంటారు.

అన్ని రాళ్లకూ ఈ గుణం సమానంగా ఉండదు. ఖమ్మం జిల్లాలో కాకతీయుల నాటి శివాలయంతో పేరుపొందిన కుసుమంచి ప్రాంతపు నేల గ్రానైట్, నైస్ వంటి కఠినశిలలతో ఏర్పడింది. వీటిలో స్ఫటికాలు ఒకదానితో ఒకటి పెనవేసుకొని ఉంటాయి; నడుమ ఖాళీ దాదాపు శూన్యం. అందుచేతనే ఇటువంటి నేలలో బోరుబావికి రాతి పగులు తగిలితే నీరు పడుతుంది, తగలకపోతే రైతు పెట్టుబడి మట్టిపాలవుతుంది. తూర్పున సత్తుపల్లి, కొత్తగూడెం, మణుగూరు వైపు పోయేకొద్దీ దృశ్యం మారుతుంది. అక్కడివి ప్రాచీన నదులు మోసుకొచ్చిన ఇసుక గట్టిపడి ఏర్పడిన గోండ్వానా ఇసుకరాళ్లు. ఇల్లందు పరిసరాలలో 1871లో విలియం కింగ్ గుర్తించిన బొగ్గు ఈ శిలల నడుమనే ఉన్నది. గోదావరి వెంట సాగే ఈ శిలాసముదాయం కోస్తా డెల్టా మట్టి కింద కూడా కొనసాగుతుంది. మండపేట వద్ద సహజవాయువునిచ్చే ఇసుకరాయి ఈ కుటుంబానికి చెందినదే.

కిలోమీటర్ల లోతున ఉన్న రాతిలో ఖాళీ ఎంతో తెలుసుకొనడమెట్లా? అడుగడుగునా రాతి ముక్కను కోసి పైకి తీయడం చాలా ఖర్చుతో, కాలయాపనతో కూడిన పని. అందుచేత ఇంజనీర్లు శబ్దాన్ని ఆశ్రయించారు. సంతలో కుండను కొనేవారు వేలితో తట్టి, మోతనుబట్టి దాని గట్టిదనాన్ని గ్రహిస్తారు. సోనిక్ లాగ్ పద్ధతి చేసే పనీ ఇటువంటిదే.

తవ్విన బావిలోకి ఒక పొడవైన పరికరాన్ని తీగతో దించుతారు. దానిలో శబ్దాన్ని పుట్టించే భాగం ఒకటి, కొంత ఎడంగా శబ్దాన్ని గ్రహించే భాగాలు రెండు ఉంటాయి. బావిగోడలోని రాతి గుండా వచ్చిన శబ్దం మొదటి గ్రాహకానికి, పిదప రెండవదానికి చేరుతుంది. ఆ రెండు రాకల నడుమ వ్యవధియే శబ్దం రాతిలో నిర్ణీత దూరం దాటడానికి పట్టిన కాలం. దీనిని అడుగుకు ఇన్ని మైక్రోసెకన్లని లెక్కిస్తారు. మైక్రోసెకను అంటే సెకనులో పది లక్షలవ వంతు.

ఖాళీలు లేని ఇసుకరాయిలో అడుగు దూరానికి సుమారు 55.5 మైక్రోసెకన్లు పడుతుంది. బావిలోని నీటిలోనైతే సుమారు 189. కనుక నీటితో నిండిన ఖాళీలు పెరిగేకొద్దీ శబ్దం నెమ్మదిస్తుంది. ఈ సంబంధాన్ని వైలీ, గ్రెగరీ, గార్డనర్ అనే శాస్త్రజ్ఞులు 1956లో సూత్రీకరించారు. బావిలో 80 మైక్రోసెకన్లు నమోదైనదనుకొందాం. దాని నుండి 55.5 తీసివేస్తే 24.5. నీటి విలువ నుండి 55.5 తీసివేస్తే 133.5. మొదటిదానిని రెండవదానితో భాగిస్తే 0.18 వస్తుంది. అనగా సచ్ఛిద్రత 18 శాతం.

లెక్క సులభమే, అన్వయమే కష్టం. అదే పొరను సున్నపురాయిగా పొరబడి 55.5కు బదులు 47.5 వాడితే ఫలితం 23 శాతమవుతుంది. లేని నిల్వ కాగితం మీద పుట్టుకొస్తుంది. రాతిలో బంకమన్ను కలిసినా, ఖాళీలలో వాయువు నిండినా శబ్దం ఆలస్యమై సచ్ఛిద్రత ఎక్కువగా కనిపిస్తుంది. ఇందుకు భిన్నంగా, రాతిలో పగుళ్లు, తొర్రలు ఉన్నచోట శబ్దం వాటిని తప్పించుకొని గట్టి దారినే ముందుగా వస్తుంది. అప్పుడు ఉన్న ఖాళీ లెక్కకు అందదు. అందుచేత నిపుణులు సాంద్రతను, న్యూట్రాన్ల ప్రతిస్పందనను కొలిచే లాగ్‌లతో పోల్చి, వెలికితీసిన రాతి ముక్కలతో సరిచూసిన తరువాతనే నిర్ణయానికి వస్తారు.

ఈ శబ్దం మరొక హెచ్చరికను కూడా వినిపిస్తుంది. లోతుకు పోయేకొద్దీ బంకరాయి పొరలు నలిగి గట్టిపడతాయి, శబ్దవేగం పెరుగుతుంది. ఎక్కడైనా ఆ వేగం అనూహ్యంగా తగ్గితే, అక్కడ నీరు బయటకు పోలేక అధిక పీడనంతో చిక్కుకొని ఉండవచ్చు. భూగర్భ పీడనం అదుపు తప్పితే ఏమవుతుందో కోనసీమ ప్రజలకు తెలుసు. 1995 జనవరి 8న పాశర్లపూడి వద్ద ఓఎన్‌జీసీ బావి నుండి వాయువు ఎగజిమ్మి అంటుకొన్నది. రెండు నెలలకు పైగా మంటలు ఆరలేదు. చుట్టుపక్కల జనం ఇళ్లు విడిచిపోవలసివచ్చింది.

కనుక బావిలో నమోదైన ప్రతి మైక్రోసెకనుకూ విలువ ఉన్నది. దానిలో తప్పితే పెట్టుబడి వ్యర్థం కావచ్చు, ఊళ్లకే ముప్పు రావచ్చు. పరికరం కాలాన్ని మాత్రమే కొలుస్తుంది. ఆ కాలం దేనిని సూచిస్తున్నదో నిర్ణయించవలసినది ఆ శిలల పుట్టుపూర్వోత్తరాలు ఎరిగిన మనిషే.